మగ్గం గుంతలో సంచి

ఎమ్మిగనూరులో మా ఇంట్లోకి రావాలంటే మగ్గం పక్క నుంచే రావాలి. ముందు గదంతా మగ్గమే. గోడకూ మగ్గం మీద నిలువుగా సాగదీసిన పడుగు నూలుకూ మధ్య మనిషి ఒక భుజం ముందుకు పెట్టి పక్కవాటుగా నడిచేంత సందు మాత్రం ఉంటుంది. ఆ సందు దాటితే వంటిల్లు, దాని వెనక పడుకునే గది, ఆ వెనక స్నానానికీ ఒంటికీ పోయే బచ్చలి. ఇల్లు అక్కడితో అయిపోతుంది.

నాయన నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చుంటాడు. నడుము పైభాగం గదిలో, కిందిభాగం గుంతలో తొక్కుడు పలకల మీద. నేసిన బట్ట చుట్టుకునే కర్ర ఆయన పొట్టకు ఆనుకుని ఉంటుంది. లేవాలంటే ముందు, నూలును అటూ ఇటూ మోసే నాడెను పక్కన పెట్టాలి, వెనక్కి జరగాలి, రెండు చేతులూ గట్టుకు ఆనించాలి, మోకాళ్లు ఒక్కొక్కటిగా పైకి లాక్కోవాలి. ఒకసారి లెక్కపెట్టాను, మొత్తం ఏడు కదలికలు. అందుకే నలభై ఏళ్లుగా ఆయన పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేచేవాడు. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని తాగడు. ఒంటికి వస్తే ఆపుకుంటాడు. మా వీధిలో అందరూ అంతే. అనుకున్న మూర పూర్తి కాకుండా గుంతలోంచి లేచేవాణ్ణి పని రానివాడి కింద లెక్కకడతారు.

నేను మగ్గం నేర్చుకోలేదు. ల్యాబ్ టెక్నాలజీలో డిప్లొమా చేసి ఆదోనిలో ఒక ల్యాబులో రక్తం, మూత్రం పరీక్షలు చేస్తాను. ఏడున్నర బస్సుకు పోతే సాయంత్రం ఏడు దాటాక ఇల్లు చేరతాను.

పోయిన ఏడాది వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున అమ్మ వంటింట్లోంచి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

“మీ నాయన నిన్నటి నుంచి ఒంటికి పోలేదు రా. చుక్కలు చుక్కలుగా వస్తాండాదంట. నాకు సెప్పొద్దన్యాడు.”

“వస్తాది, గమ్మునుండు,” అన్నాడు నాయన మంచం మీద నుంచి. ఆయన మోకాళ్లు పొట్టకు దగ్గరగా ముడుచుకుని ఉన్నాడు. చొక్కా ఎత్తి చూస్తే బొడ్డు కింద గుండ్రంగా, గట్టిగా, సగం కోసిన పుచ్చకాయ బోర్లించినట్టు ఉంది. చెయ్యి పెడితే మూలిగాడు.

ఆ ఆదివారం ఎమ్మిగనూరులో మూత్రం డాక్టరు దొరకలేదు. ఆటోలో ఆదోనికి బయలుదేరాం. ఆ దారి సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. ప్రతి గుంతకూ ఆయన నా చెయ్యి పట్టుకునేవాడు. మెల్లగా పొమ్మంటే ఆటో అతను మెల్లగా పోయాడు, అప్పుడు దారి రెండింతలయింది. వేగంగా పొమ్మంటే కుదుపులు రెండింతలయ్యాయి. ఆ గంటన్నరలో ఏ వేగమూ మాకు సరిపోలేదు. ఆటోలోంచి దిగే వీలూ లేదు, దిగి చేసేదీ లేదు. దారి పక్కన పత్తి చేలు తడిసి నల్లగా ఉన్నాయి.

ఆదోనిలో డాక్టరు మూత్రం దారిలోంచి ట్యూబు వేశాడు. నేను కొలత జగ్గు పట్టుకుని నిలబడ్డాను. 1,400 మిల్లీలీటర్లు. మామూలుగా మూడు వందలకే మనిషికి లేవాలనిపిస్తుంది, ఐదు వందలు దాటితే కూర్చోలేడు. నాయన గట్టిగా ఊపిరి వదిలి కళ్లు మూసుకున్నాడు. నేను ఆయన చేతిలోంచి రక్తం తీసి, రోడ్డు దాటి మా ల్యాబుకు పోయి, నేనే మిషన్‌లో పెట్టాను. కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే క్రియాటినిన్ 4.1 వచ్చింది. 1.2 దాటకూడదు. మళ్లీ పెట్టాను. 4.1.

డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన ఆదోని మనిషే, పెద్దాయన.

“చూడప్పా. ప్రొస్టేట్ పెరిగి దారి మూసింది. ఈ దినం మూసింది కాదు, సంవత్సరాల నుంచి మూస్తా వచ్చింది. ట్యూబు ఉండనీ. కిడ్నీలు కోలుకుంటే, ఆ క్రియాటినిన్ నెంబరు రెండుకు లోపలికి వచ్చి నిలకడగా నిలబడితే, ఆపరేషన్ చేసి ట్యూబు తీసేస్తా. నిలబడకపోతే…”

“నిలబడకపోతే?”

“ట్యూబు బతికినంత కాలం. ఆ పైన డయాలసిస్. ఆడిదాకా పోనీకూడదు.”

కాబట్టి మా ముందున్నది ఒకే ప్రశ్న, దానికి జవాబు ఒకే అంకె. వారానికొకసారి ఆ అంకెను తేల్చేది నేను.

ఇంటికొచ్చాక నాయన తన తొడ మీదుగా దిగిన గొట్టాన్నీ, మంచం కోడుకు వేలాడే సంచినీ పరాయి వస్తువుల్లా చూశాడు. రెండో రోజు అడిగాడు. “లోపల ఏముంటాది రా? ఇది యాడికి పోయి తగులుకుంది?”

నాకు చెప్పడం ఇష్టం. నోటుబుక్కు తెరిచి బొమ్మ గీశాను. నడుము వెనక, పక్కటెముకల చివర, చిక్కుడు గింజ ఆకారంలో రెండు కిడ్నీలు, పిడికిలంత. ఒక్కొక్కదానిలో పది లక్షల దాకా జల్లెడలు. ఒంట్లో రక్తమంతా రోజుకు ఎన్నోసార్లు వాటిలోంచి పోతుంది. నూట ఎనభై లీటర్లు వడకడితే, అందులో అవసరమైనదంతా తిరిగి రక్తంలోకే పోయి, చివరికి లీటరున్నర బయటికి మిగులుతుంది. నిమిషానికి ఒక మిల్లీలీటరు, అటూ ఇటుగా. పగలూ రాత్రీ ఆగదు. కిడ్నీల నుంచి రెండు నాళాలు, ఒక్కొక్కటి జానెడు పొడుగు పైన. అవి ఉత్త గొట్టాలు కావు, వానపాము కదిలినట్టు అలలు అలలుగా కిందికి తోస్తాయి. కింద మూత్రాశయం. దాని మెడ దగ్గర ప్రొస్టేట్, వక్కంత ఉండాల్సింది నిమ్మకాయంత అయింది. దాని మధ్యలోంచే బయటికి దారి.

“ఇది సంచి,” అన్నాను మూత్రాశయం మీద పెన్సిలు పెట్టి. “దీని పని పట్టుకోవడం. నిండేదాకా పట్టుకుంటుంది, నువ్వు పోదామనుకున్నప్పుడు వదులుతుంది.”

“అంటే లోపల ఒక సంచి, బయట ఒక సంచి.”

“అంతే నాయనా.”

ఆయనకు అర్థమైందని నాకు తృప్తి కలిగింది. తర్వాత జాగ్రత్తలు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. సంచి ఎప్పుడూ పొట్ట కంటే కిందే ఉండాలి. గొట్టం లాగకూడదు. రోజుకు రెండున్నర లీటర్లు నీళ్లు తాగాలి. సంచి సగం దాటగానే వంపాలి. వంపిన ప్రతిసారీ కొలిచి రాయాలి. గొట్టం మూయకూడదని రాయలేదు. ఎవరైనా మూస్తారని నాకు తోచలేదు.

నాలుగో రోజు అంకె 2.6. రెండో వారం 1.8. డాక్టరు తలాడించి, ఇంకో మూడు వారాలు చూసి ఆపరేషన్ అన్నాడు.

మగ్గం మీద పడుగు సగం నేసి ఉంది. గంజి పెట్టిన నూలు వానాకాలంలో చెమ్మకు సాగుతుంది, రోజులు గడిస్తే పోగులు తెగుతాయి. నాయన మంచం మీద పడుకుని ముందు గది వైపే చూసేవాడు. నేను ఆలోచించాను. సంచి పొట్ట కంటే కింద ఉండాలి. గుంతలో కూర్చుంటే కాళ్లు నేల కంటే కిందుంటాయి. సంచికి అంతకంటే మంచి చోటు ఇంట్లో లేదు. గుంత గోడకు ఒక కొక్కెం కొట్టి, దానికి సంచి తగిలించాను. వీధిలోంచి వచ్చేవాళ్లకు కనిపించదు కూడా. నేను చదివిన చదువు మా ఇంటి మగ్గానికి పనికొచ్చింది ఆ ఒక్కసారే.

ఎదురింటి నేతగాడు గడప మీద కూర్చుని నాయనను ఆటపట్టించేవాడు.

“ఏమన్నా, నీకు సొంత కొళాయి పెట్టించినారంట? మాకు మున్సిపాలిటీ నీళ్లు నాలుగు దినాలకొకసారి వస్తాండాయి. నీకు ఇరవై నాలుగు గంటలూ వస్తాయంట.”

“నీకూ పెట్టిస్తాలే, ఇంకో రెండేండ్లు ఆపుకో,” అనేవాడు నాయన.

నాడె చప్పుడు మళ్లీ మొదలైంది. అమ్మ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. నేను రోజూ సాయంత్రం వచ్చి అమ్మ రాసిన నోటుబుక్కు చూసేవాణ్ణి. పొద్దున్న మంచం దగ్గర వంపింది ఇంత, మధ్యాహ్నం ఇంత, సాయంత్రం ఇంత. మొత్తం రోజుకు రెండు లీటర్లకు తగ్గలేదు.

మూడో వారం అంకె 2.3.

మిషన్ తప్పేమో అనుకున్నాను. అంకె ముందే తెలిసిన నమూనా పెట్టి చూశాను, మిషన్ సరిగానే ఉంది. నాలుగో వారం 2.9. సాయంత్రాలు నాయనకు కొంచెం వణుకు, ఒళ్లు వెచ్చబడటం మొదలయ్యాయి. నేను కారణాలు రాసుకున్నాను. ఇన్ఫెక్షన్ కావచ్చు, మూత్రం కల్చర్‌కు పెట్టాను, క్రిములు పెరిగాయి, డాక్టరు మందు రాశాడు. నడుము నొప్పికి మెడికల్ షాపు మాత్రలు మింగుతున్నాడేమో, అమ్మను అడిగితే లేదంది. నీళ్లు తక్కువ తాగుతున్నాడేమో, అలా అయితే మొత్తం తగ్గాలి, తగ్గలేదు. గొట్టం లోపల మూసుకుపోయిందేమో, డాక్టరు దగ్గర నీళ్లు ఎక్కించి చూశారు, ధారాళంగా వస్తోంది. స్కాన్‌లో కిడ్నీలు కాస్త ఉబ్బి ఉన్నాయి. పాత ఉబ్బే ఇంకా తగ్గలేదేమో అన్నారు. నేను రాసుకున్నవన్నీ ఒక్కొక్కటిగా కొట్టేస్తే చివరికి ఒకటే మిగిలింది. కిడ్నీలు వాటంతటవే చెడిపోతున్నాయి. డాక్టరు కూడా అదే వైపు వచ్చాడు.

“ఇంకొక్క వారం చూద్దామప్పా. ఇట్లనే పోతే నేను కర్నూలుకు రాసిస్తా. డయాలసిస్‌కు చేతిలో నరం తయారు చేసుకోవాల.”

ఆ వారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేనేమీ చూడలేదు. ఉదయం ఎక్కిన బస్సులో అదే అంకె, సాయంత్రం ఎక్కిన బస్సులో అదే అంకె. ల్యాబులో ఎవరి రక్తం తీసినా వాళ్ల అంకె నాయన అంకె కంటే ఎంత తక్కువో మనసులో చూసుకునేవాణ్ణి. అది తప్పని తెలిసినా ఆపలేకపోయాను. ఇంటికొస్తే ఆ సందులోంచి పక్కవాటుగా నడిచి, గుంతలో కూర్చున్న ఆయన తల పక్క నుంచి పోవాలి. ఆయన తల ఎత్తి నా మొహం చూసేవాడు. నా మొహంలో అంకె కనపడకుండా చూసుకోవడమే నాకు పెద్ద పనైంది.

మరో స్కాన్‌కు మధ్యాహ్నం రమ్మన్నారు. ఆ రోజు నేను ల్యాబుకు సెలవు పెట్టాను. నాయన ఏడింటికే గుంతలోకి దిగాడు. బయలుదేరే లోపల మూర పూర్తి చేస్తానన్నాడు. నాకు ఇంట్లో చేసేదేమీ లేదు. పదింటికి సంచి చూద్దామని సందులో వంగి, ఫోను లైటు గుంతలోకి వేశాను.

సంచి చదునుగా ఉంది. అడుగున స్పూనుడు కూడా లేదు.

మూడు గంటలు. నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున నూట ఎనభై ఉండాలి, పొద్దున రెండు చెంబులు తాగాడు కాబట్టి ఇంకా ఎక్కువ ఉండాలి.

“నాయనా, ఆపు. కాలు కదపొద్దు.”

“ఏంటికి?”

నేను బోర్లా పడుకుని తలా, భుజాలూ గుంతలోకి దించాను. లోపల గాలి ఆడదు. తడి మట్టి వాసన, కాళ్ల చెమట వాసన, నూలు పీచు. ఒక పక్క ఆయన పిక్క, ఇంకో పక్క తొక్కుడు పలక, మధ్యలో నా మొహం. లైటు వేసి గొట్టం వెంట పైకి చూశాను. మోకాలి పైన గొట్టాన్ని రెండుగా మడిచి, అడ్డం పోగుకు వాడే పేక నూలుతో మూడు చుట్లు చుట్టి, జారుముడి వేసి ఉంది. ముడి కొస వేలెడు పొడుగున వదిలి ఉంది, పట్టుకుని లాగితే ఊడేలాగా. తెగిన పడుగు పోగుల కట్టకు మా నాయన వేసే ముడే అది. చాలా శుభ్రంగా వేశాడు.

నేను కొస లాగాను. గొట్టం నిటారైంది. సంచిలోకి ధార కొట్టిన చప్పుడు గుంతలో పెద్దగా వినిపించింది. నేను లోపలే ఉండి గీతలు చదివాను. వంద. రెండు వందలు. మూడు వందల యాభై. ఐదు వందలు. 620 దగ్గర సన్నబడింది.

పైకి లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ సందులో కూర్చుంటే ఆయన మొహమూ నా మొహమూ ఒకే ఎత్తులో ఉంటాయి.

“ఎన్నాళ్ల నుంచి కడుతున్నావు?”

“కూసున్నప్పటి నుంచి. ఏమైంది?”

“ఎందుకు కట్టావు?”

“మొదటి దినమే కాలికి తట్టుకుని లాగింది. రక్తం వచ్చింది. కాళ్ల కాడ ఏది ఏలాడినా కట్టుకోవాల కదరా, లేకపోతే పలకలో పడతాది.”

“పైకి కట్టుకోవచ్చు. మడవడం ఎందుకు?”

“మడిస్తే పొట్టిగైంది. నీళ్లు ఆడ నిలబడినా మధ్యాన్నం వదిలేస్తా గదా. ఒక్క చుక్క పారేయలేదు. మీ యమ్మ అంతా రాసింది.”

అమ్మ వంటింటి గుమ్మంలో చేతిలో నూలు కండెతో నిలబడి ఉంది. “నేను ఏమి సేయాల? గుంతలో నాకు కనపడతాదా?” అంది.

“నాయనా, లోపల నిలబడితే ఏమవుతుందో తెలుసా?”

“ఈ సంచిలో ఉంటే ఏమి, ఆ సంచిలో ఉంటే ఏమి రా. దాని పని పట్టుకోవడమేనని నువ్వే సెప్తివి. నలభై ఏండ్లు పట్టుకునిందే గదా.”

నా దగ్గర జవాబు ఉంది. చాలా ఏళ్లు మూసిన దారికి ఎదురు తోసీ తోసీ ఆయన మూత్రాశయం గోడ మందంగా, గట్టిగా అయిపోయింది. అది ఇక సాగే సంచి కాదు. నిండితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, పెరిగితే నాళాలు కిందికి తోయలేవు, మూత్రం వెనక్కి నిలిచి కిడ్నీల దాకా పోతుంది, జల్లెడల మీద బరువు పడుతుంది. దాంతోపాటు క్రిములూ పోతాయి. ఇదంతా నాకు మొదటి రోజే తెలుసు. బొమ్మ గీసిన పూట చెప్పలేదు. సంచి అన్న మాట తేలికగా ఉందని అక్కడ ఆపేశాను.

రాసిన కాగితాల్లోనూ అదే జరిగింది. రోజుకు ఎంత వచ్చిందో రాయించాను, ఏ గంటకు ఎంత వచ్చిందో రాయించలేదు. మధ్యాహ్నం ఒక్కసారి 600, 700 అని అమ్మ వంకర అక్షరాలతో రాసిన అంకెలు మూడు వారాలుగా నా కళ్ల ముందే ఉన్నాయి. నేను కింద గీత గీసి మొత్తం కూడుకున్నాను.

స్కాన్ గదిలో డాక్టరుకు చెప్పాను. మా నాయన కట్టాడని చెప్పలేదు, గొట్టం మడతపడిందని చెప్పాను. తర్వాత అది సరిపోదనిపించి మళ్లీ లోపలికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నా మీద గాని, నాయన మీద గాని కోపం తెచ్చుకోలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“నీకు తెలిసిన దాంట్లో సగం చెప్పినావు. ఆయన ఆ సగంతో తన పని తాను చేసుకున్నాడు. సరే. ఇప్పుడు కనపడింది గదా. చూద్దాం.”

గొట్టాన్ని తొడకు పైకి అతికించే పట్టీ ఒకటి ఇచ్చాడు. మొదటి రోజే అడిగి ఉంటే మొదటి రోజే ఇచ్చేవాడు.

అంకె దిగడం మొదలైంది. 2.4. 2.0. ఆ మీద 1.7. నేను 1.4 కోసం చూశాను, 1.2 కోసం చూశాను. మరుసటి వారం 1.7. ఆ తర్వాతి వారం 1.7. అక్కడే నిలబడింది. డాక్టరు నిలకడ కోసం చూస్తున్నాడు, నేను తగ్గుదల కోసం చూస్తున్నాను. ఆయనకు కావాల్సింది దొరికింది. ఆపరేషన్ చేశాడు. మూడో రోజు ట్యూబు తీసి, సాయంత్రం లోపల తనంతట తాను పోవాలి, లేకపోతే మళ్లీ వేస్తానన్నాడు.

ఆ రోజు నాయన ఆరు గ్లాసుల నీళ్లు తాగాడు. నేను కొలత జగ్గు పట్టుకుని ఆసుపత్రి బచ్చలి తలుపు బయట నిలబడ్డాను. మొదటిసారి రాలేదు. రెండోసారి రాలేదు. మూడోసారి లోపలి నుంచి అడిగాడు.

“నువ్వు ఆడనే ఉండావా?”

“ఉన్నాను.”

“పో. నువ్వు కొలుస్తాంటే రాదు.”

జగ్గు తలుపు సందులోంచి లోపలికి అందించి, మెట్ల దాకా పోయి నిలబడ్డాను. కాసేపటికి ఆయనే జగ్గు పట్టుకుని వచ్చాడు. రెండు చేతుల్లో, తొణకకుండా. 210. లోపల మిగిలింది స్కాన్‌లో చూస్తే 40. డాక్టరు ఇంటికి పొమ్మన్నాడు.

మెట్లు దిగుతూ అడిగాడు. “ఆ నెంబరు ఇంక తగ్గదా?”

“తగ్గకపోవచ్చు నాయనా.”

“కిడ్నీల్లో పోయింది ఎంత?”

“సగానికి దగ్గరగా.”

“కట్టుకున్నందుకేనా?”

నలభై ఏళ్లు ఆపుకున్న దానికి ఎంత, పెరిగిన ప్రొస్టేట్‌కు ఎంత, ముడికి ఎంత, నేను చెప్పకుండా ఆపేసిన దానికి ఎంత, విడదీసే పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు. ఉంటే ముందు నేనే చేసుకునేవాణ్ణి. “అన్నీ కలిసి,” అన్నాను. ఆయన తలాడించి, రెయిలింగు పట్టుకుని దిగాడు.

ఆయన ఇప్పుడు మళ్లీ గుంతలో కూర్చుంటున్నాడు. నేస్తే తప్ప ఉండలేనంటాడు, నేనూ కాదనలేదు. గంటన్నరకొకసారి మోగేలా ఆయన ఫోనులో అలారం పెట్టాను. అది మోగినప్పుడు నాడె పక్కన పెట్టి, ఏడు కదలికల్లో పైకి లేచి, సందులోంచి బచ్చలికి పోయి రావాలి. ఒక్కోసారి పోతాడు. ఒక్కోసారి అలారం నొక్కేసి ఇంకో నాలుగు పోగులు వేస్తాడు. ఏ రోజు ఏం చేశాడో అడిగితే “పోయినా” అంటాడు. ఆ వేళకు నేను ఆదోనిలో ఎవరి రక్తమో తీస్తూ ఉంటాను. మూడు నెలలకొకసారి ఆయన చేయి చాపుతాడు, నేను సూది గుచ్చుతాను. ఆ పూట మిషన్ అంకె చూపించేదాకా మా ఇద్దరికీ ఏమీ తెలియదు.